స్త్రీలు – తరంగవిహారము

మాఘపౌర్ణమినాడును, గ్రహణపర్వములందును సముద్రస్నాన మాచరించుట మన గృహిణులకు పరిపాటియే. తీరమున నిలిచి, ఒకరి చేయి నొకరు పట్టుకొని, మూడు మునుగులు మునిగి వచ్చుటతో మనకును సముద్రునకును గల పరిచయము ముగియును. ఆ సముద్రముపైననే పలక నొకదానిని వైచి, దానిపై నిలువబడి, కెరటముతోపాటు ఒడ్డునకు జారివచ్చు క్రీడ యొకటి గలదు. దానినే సర్ఫింగు అందురు. ఇటీవల మనదేశపు యువతులు కొందరు డేరాను, పలకను వెంటగొని, తీరము వెంబడి ఒంటరిగా ప్రయాణించుచు ఈ క్రీడ నభ్యసించుచున్నారు. "ఆడుపిల్ల ఒంటరిగా సముద్రమునకా!" యని పెద్దలు వెరచుట సహజము. ఆ వెరపులో న్యాయ మెంతయో, అలవాటెంతయో విచారించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ క్రీడకు పుట్టినిల్లు హవాయి మొదలగు పసిఫిక్ ద్వీపములు. అచ్చట రాజకుటుంబములవారును, సామాన్యులును, స్త్రీపురుష భేదము లేక కెరటములపై విహరించెడివారు. 1779లో కెప్టెన్ కుక్ నౌకలలో వచ్చినవారు దీనినిగూర్చి వ్రాసియుంచిరి. 1915లో ఆస్ట్రేలియాయందు సిడ్నీ నగరము చెంత, హవాయి వాసియగు డ్యూక్ కహనమోకుతో నొకే పలకపై నిలిచి ఇసబెల్ లెథాం అను పదునైదేండ్ల బాలిక కెరటముల నధిరోహించెను. ఆమె తరువాత ఎందరికో ఈత నేర్పిన ఉపాధ్యాయిని యయ్యెను. అపరాధపరిశోధక నవలలు వ్రాసిన అగాథా క్రిస్టీ సైతము 1922లో భర్తతో ప్రపంచయాత్ర చేయుచు, దక్షిణాఫ్రికాలోను, హోనలూలూలోను ఈ క్రీడ నభ్యసించెను. 2021లో టోక్యో ఒలింపిక్సునందు సర్ఫింగునకు తొలిసారి స్థానము లభింపగా, స్త్రీల స్వర్ణపతకమును హవాయి యువతియగు కరిస్సా మూర్ గెలిచెను.

మన దేశమున ఈ విషయమై ముందుగ చెప్పదగినది ఇషితా మాలవీయ. మణిపాలున చదువుకొనుచుండగా ఈ క్రీడ నేర్చి, 2007లో మిత్రునితో గూడి ఉడుపి చెంతనున్న కోడిబెంగ్రె గ్రామమున శిక్షణశాలను స్థాపించెను. ఇంతకును కెరటము నెక్కు విద్య మన తీరమునకు పూర్తిగా క్రొత్తది గాదు. దుంగలను త్రాళ్లతో బంధించిన తెప్పలపై మన జాలరులు తరతరములుగా ఆ యలలను దాటి పోవుచునే యున్నారు.

నేర్చుకొనువారు ముందుగ ఈత నేర్వవలయును. మొదట ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తని పలక మేలు. నడుములోతు నీటిలో, విరిగి నురుగై వచ్చు చిన్న కెరటములయందే సాధన చేయవలెను. పలక త్రాటిని చీలమండకు కట్టుకొనవలెను. పడినపుడు రెండుచేతులతో తల కప్పుకొని పైకి తేలవలెను; లేనిచో పలకయే తగులును. నిండుచేతుల బిగుతు దుస్తులు ఎండనుండియు, పలక రాపిడినుండియు శరీరమును కాపాడును.

ఇక అసలు భయమునకు వత్తము. కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి లోనికి పోవుటకు అచ్చటచ్చట ఇరుకుపాయలు ఏర్పడును. అట్టి చోట అలలు అంతగా విరుగవు. నీరు నల్లగా, నిశ్చలముగా కానవచ్చును. తెలియనివారు అదియే క్షేమమైన చోటని దిగుదురు. ఆ ప్రవాహము మనిషిని క్రిందికి లాగదు, దూరముగ లోనికి కొనిపోవును. దాని కెదురీదినవారు అలసి మునిగిపోవుదురు. భయపడక తేలియుండి, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈదినచో పాయ దాటి, కెరటములతో తిరిగి రావచ్చును. కొట్టుకొనిపోవువారిని జూచి ఒడ్డుననున్నవారు వెంటనే నీట దుముకరాదు. తేలెడు వస్తువును విసరి, సహాయమునకై కేక వేయవలయును. పర్వదినముల స్నానమునకు పిల్లలను వెంట గొనిపోవు ప్రతి తల్లికిని ఈ జ్ఞానము అవసరమే.

డేరా వేయువారు ఎండిన నాచు, చెత్త గీతవలె పడియున్న పోటుగుర్తును కనుగొని, దానికి బాగుగ ఎగువను వేయవలెను. అమావాస్య పౌర్ణములకు పోటు మరింత పైకి వచ్చును. కొబ్బరిచెట్ల క్రిందను, నది సముద్రమున గలియు చోటను బస తగదు. జనవరి మొదలు మార్చి వరకు మన తూర్పుతీరమున తాబేళ్లు గ్రుడ్లు పెట్ట వచ్చును గనుక రాత్రివేళ తీరమున దీపములు వెలిగింపరాదు; వెలుగును జూచి పిల్లలు దారి తప్పును. పశ్చిమతీరమున జూన్ మొదలు సెప్టెంబరు వరకు సముద్రము ఉగ్రముగ నుండును. తూర్పుతీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల భయము మెండు. వాతావరణశాఖ హెచ్చరికలను నిత్యము చూచుకొనవలెను.

ఒంటరి ప్రయాణమనగా త్రోవలో ఒంటరితనమేగాని, నీటిలో ఒంటరితనము గాదు. ఎవరును చూడనిచోట నీట దిగరాదు. నిర్జనతీరముకంటె శిక్షణశాల ఆవరణయో, జాలరి కుటుంబపు పెరడో రాత్రి బసకు మేలు. ఎచ్చట నున్నదియు, ఎప్పుడు బయలుదేరునదియు ఇంటికి తెలుపుచుండవలెను. ఆపత్సమయమున 112 సంఖ్యకును, సముద్రములో ఆపద గలిగినచో కోస్టుగార్డువారి 1554 సంఖ్యకును ఫోను చేయవచ్చును.

తల్లులారా! మగపిల్లవాడు ఏటికి పోయి ఈత నేర్చిన సంతోషింతుము. ఆడుపిల్ల గట్టున నిలిచి బట్టలు కాచిన చాలునందుము. కెరటము మాత్రము ఇద్దరిని ఒకే విధముగ లాగును. కుమార్తె సముద్రమునకు పోదునన్నచో, పోవలదనుటకు ముందు, "ఈత వచ్చునా? నీతో నీట నెవరుందురు? రాత్రి ఎచ్చట నుందువు?" అని యడుగుడు. ఈ మూటికిని తృప్తికరమైన సమాధానము చెప్పగల పిల్లను నమ్మి పంపుట తల్లిదండ్రులకు ధర్మమని మా అభిప్రాయము. చెప్పలేని పిల్లకు ముందుగ ఈత నేర్పింపుడు.