మీకు తెలుసా? ఎగతాళి నాటకం పుస్తకంలోనే చర్చి ప్రకటన!

మోర్మన్లు అనే క్రైస్తవ శాఖ వారి విశ్వాసాలను ఆటపట్టించే సంగీత నాటకం 'ద బుక్ ఆఫ్ మోర్మన్' 2012లో లాస్ ఏంజెలెస్‌కు వచ్చినప్పుడు, ప్రేక్షకుల చేతికిచ్చే కార్యక్రమ పుస్తకంలో మోర్మన్ చర్చే డబ్బు కట్టి ప్రకటనలు వేయించింది. నాటకం చూశారు కదా, ఇక అదే పేరున్న అసలు మత గ్రంథం చదవండి అన్నదే వాటి సారాంశం.

నాటకం మెత్తనిదేమీ కాదు. ఉగాండాకు వెళ్లిన ఇద్దరు కుర్ర మత ప్రచారకుల కథ ఇది. ఇందులో బూతులున్నాయి, దైవదూషణ అనిపించే పాటలున్నాయి. 'సౌత్ పార్క్' కార్టూన్ సృష్టికర్తలు ట్రే పార్కర్, మాట్ స్టోన్, సంగీతకర్త రాబర్ట్ లోపెజ్‌తో కలిసి దీన్ని రాశారు. 2011 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలై, ఆ ఏడాదే ఉత్తమ సంగీత నాటకంతో సహా 9 టోనీ అవార్డులు గెలుచుకుంది.

చర్చి మాత్రం నిరసన ఊరేగింపులు తీయలేదు, నిషేధించమని కోర్టుకెక్కలేదు. నాటకం ఒక సాయంత్రం వినోదం ఇవ్వొచ్చు, గ్రంథం మాత్రం జీవితాలను మారుస్తుందంటూ చిన్న అధికారిక వ్యాఖ్యతో స్పందించింది. విశ్వాసం మీద నమ్మకమున్నవారికే సాధ్యమయ్యే నిబ్బరమిది, మెచ్చుకోవాల్సిందే. 2013లో నాటకం లండన్ చేరినప్పుడు చర్చి అక్కడా ప్రకటనలతో ప్రచారం చేసింది.

మోర్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని పామైరాలో అచ్చు వేయించిన ఆ గ్రంథం, 'మోర్మన్ గ్రంథము' పేరుతో తెలుగులోనూ దొరుకుతుంది.