పట్టుబడని పదిహేడు ఆదేశాలు

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ కావాలనుకునేవారికి డ్యూయల్ బూట్ పాత పరిచయమే. హార్డ్ డిస్కును భాగాలు చేసి ఒక్కోదాన్నీ ఒక్కోచోట పెడితే, కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో గ్రబ్ లాంటి బూట్‌లోడర్ అడుగుతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటాయే తప్ప కలిసి పనిచేయవు. చోటు చాలక కాదు. మెమరీ, డిస్కు, కీబోర్డు, గడియారం అన్నీ తనవేనన్న ధీమాతో నడిచేలా రాసిందే ఏ ఆపరేటింగ్ సిస్టమైనా. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇమడాలంటే ఆ ధీమా చెదరకుండానే అధికారాన్ని మాత్రం చేతుల్లోంచి తీసేసుకోవాలి. వర్చువల్ మెషీన్ చేసే పని ఇదే. కంప్యూటర్ ఎంత వేగంగా నడుస్తుందన్నదానికంటే, లోపలి సిస్టమ్ అధికారం చెలాయించబోయే ప్రతిసారీ పట్టుకోగలమా లేదా అన్నదే ఈ యంత్రం తలరాతను నిర్ణయించిందని నా వాదన.

అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ బృందం 1960ల మధ్యలో సీపీ-40 అనే వ్యవస్థను తయారుచేసింది. 1967లో వాడుకలోకి వచ్చిన ఆ వ్యవస్థలో ఒక్కో వాడుకరికీ ఒక్కో పూర్తి సిస్టమ్/360 కంప్యూటర్ ఉన్నట్టే ఉండేది. ఉపాయం ఇది: లోపలి సిస్టమ్‌ను సాధారణ ప్రోగ్రాములా, ప్రత్యేక అధికారం లేని స్థితిలో నడపాలి. కూడికలు, తీసివేతల్లాంటి మామూలు ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అధికారం అవసరమైన ఆదేశం రాగానే ప్రాసెసర్ ఆగి, పైనున్న పర్యవేక్షక ప్రోగ్రామును పిలుస్తుంది. అది ఆ పనిని అనుకరించి, ఫలితం చూపించి, తిరిగి పంపేస్తుంది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ దీనికి సూత్రం కట్టారు: యంత్రం వనరుల అమరికను మార్చే, లేదా ఆ అమరికను బట్టి ఫలితం మారే ప్రతి ఆదేశమూ ఇలా పట్టుబడి తీరాలి.

ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ పరీక్షలో తప్పాయి. వాటిలో పాప్‌ఎఫ్ అనే ఆదేశం, బయటి పరికరాలు ప్రాసెసర్‌ను మధ్యలో ఆపవచ్చా కూడదా అని చెప్పే బిట్‌ను మార్చగలదు. అధికారం లేని స్థితిలో ఇస్తే ఆ బిట్ మారదు, అభ్యంతరమూ రాదు. లోపలి సిస్టమ్ తన పని అయిందనుకుంటుంది, పర్యవేక్షకుడికి కబురే అందదు. పెంటియంలో ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన లెక్కతేల్చింది. వందల ఆదేశాల్లో పదిహేడేగా అనిపించవచ్చు. కానీ ఒక్కటి తప్పించుకున్నా లోపలి సిస్టమ్ నమ్మేది ఒకటి, జరిగేది ఇంకొకటి. ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తే బాధ తీరుతుంది గానీ వేగం ఘోరంగా పడిపోతుంది. 1999లో వీఎంవేర్ మధ్యేమార్గం చూపింది. మామూలు ప్రోగ్రాములను నేరుగా నడవనిచ్చి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ కోడ్‌ను మాత్రం నడిచే ముందే చదివి, ప్రమాదకరమైన ఆదేశాలను మార్చి రాసి, ఆ ప్రతిని దాచుకుని మళ్లీ మళ్లీ వాడింది. ప్రాసెసర్ పట్టుకోలేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ముందే పట్టుకుందన్నమాట.

2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఇలా పట్టుకునే సదుపాయాన్ని చిప్‌లోనే కల్పించాయి కదా, ఆ తంటాలు ఇక చరిత్రే అనవచ్చు. అంత తొందరగా కాలేదు. తొలి తరం హార్డ్‌వేర్ సాయం చాలా పనుల్లో పాత సాఫ్ట్‌వేర్ పద్ధతిని మించలేకపోయిందని 2006లో వీఎంవేర్ ఇంజనీర్లే కొలిచి చూపారు. పర్యవేక్షకుడి దగ్గరికి వెళ్లివచ్చే ప్రతిసారీ ఖర్చు ఎక్కువ. మెమరీ పట్టికలను కూడా చిప్పే చూసుకోవడం మొదలయ్యాకే ఆ ఖర్చు బాగా తగ్గింది.

డ్యూయల్ బూట్‌తో కంప్యూటర్ శక్తి పూర్తిగా దక్కుతుందన్న వాదన నిజమే. గ్రాఫిక్స్ కార్డును పిండేసే ఆటలకు అదే మేలు. వర్చువల్ మెషీన్ ఎందుకు, లినక్స్ ప్రోగ్రాములు అడిగినవి విండోసే తీరిస్తే చాలదా అన్నది ఇంకో అభ్యంతరం. 2016లో మైక్రోసాఫ్ట్ ఆ ప్రయత్నమే చేసింది. లినక్స్ కెర్నల్ లేకుండానే ప్రోగ్రాములు దానికి చేసే పిలుపులను విండోస్ కెర్నల్ మీదికి తర్జుమా చేసింది. ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ లాంటి సాధనాలు దాని మీద సరిగా నడవలేదు. 2019లో ప్రకటించిన రెండో రూపంలో అసలైన లినక్స్ కెర్నల్‌నే తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో పెట్టింది. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించదు.

అయితే మామూలు ఆదేశాలు నేరుగా నడవాలంటే లోపలి సిస్టమ్‌కూ ప్రాసెసర్‌కూ భాష ఒకటే కావాలి. అందుకే 2020లో ఆర్మ్ తరహా ఎం1 చిప్‌తో మ్యాక్‌లు వచ్చాక, వాటి మీద వర్చువల్ మెషీన్‌లో వేగంగా నడిచే విండోస్ ఆర్మ్ ప్రాసెసర్ల కోసం తయారైన విండోసే.