రాత్రివేళ పిల్లి ఇంటనా, బయటనా?

చీకటి పడగానే ఇంటి పిల్లి వాకిలి దగ్గర కూర్చుండి తలుపు తీయుమని అరచును. తీయవలెనా, వలదా? పాడేరు మన్యములో పిల్లిని పెంచు ప్రతి ఇంటను ఈ ప్రశ్న సాయంకాలమున ఎదురగుచునే యుండును. పిల్లి నిశాచరము, దానిని బంధించుట పాపమని కొందరందురు. తెల్లవారినను తిరిగి రాని పిల్లిని తలచుకొని మరికొందరు ఊరకుందురు. మేము ఈ రెండవ పక్షము వారము. కారణములు మనవి చేసెదము.

పిల్లి నిశాచరమనుట పూర్తిగా నిజము కాదు. అది మిక్కిలి చురుకుగా నుండునది మునిమాపునను, వేకువజామునను. దాని కంటిలో అద్దము వంటి పొర యొకటి కలదు. లోనికి వచ్చిన మసక వెలుతురును అది వెనుకకు త్రిప్పి మరల చూపునకు వినియోగపరచును. దీపము పడినపుడు పిల్లి కన్నులు మెరయుట అందువలననే. ఇంటిలో కడుపునిండ తిన్న పిల్లి నడిరేయి కునుకు తీయుటకు వెనుకాడదు. కావున రాత్రి లోపల నుంచినంత మాత్రమున దాని స్వభావమునకు గొప్ప భంగము కలుగదు.

మన్యములో పిల్లిని ముచ్చటకొరకు మాత్రమే పెంచరు. చోళ్ళు, సామలు, వడ్లు, రాజ్మా గింజలు ఇంటిలోనే నిలువ యుండును. ఎలుకలు అటకమీదికి వాసముల వెంట వచ్చునది రాత్రియందే. పిల్లిని బయటికి పంపి, ఎలుకలను లోపల నుంచి, తలుపు గడియ వేసికొనుట ఏమి తెలివి? గింజలున్న చోటనే పిల్లి యుండవలెను గదా! ఈ యొక్క విషయము చాలు అనుకొందుము. అయినను బయటి సంగతియు చూతము.

బయట వీథికుక్కలు కలవు. ఘాట్ రోడ్డుమీద వాహనముల దీపములు కన్నులలో పడగానే పిల్లి కదలక నిలిచిపోవును. అడవి అంచు ఇండ్లకు చిరుతపులి భయము కలదు. కుక్కను ఎత్తుకొనిపోవు జంతువునకు పిల్లి ఒక లెక్క కాదు. కట్లపాము తిరుగునది రాత్రియే. ఇక చలి. లంబసింగిలో కొన్ని శీతకాలములందు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగినది. అట్టి రాత్రి బయటనున్న పిల్లి వెచ్చదనము కొరకు జీపు ఇంజనులోనికి దూరుటయు కలదు. ఉదయము బండి నడుపువారు ముందుగా ఇంజను మూతపై రెండు దెబ్బలు కొట్టుట మంచిది.

పిల్లులు పోట్లాడుకొనునదియు రాత్రివేళనే ఎక్కువ. కాటువలన గాయములు చీము పట్టును. రేబిస్ వ్యాధి కుక్కకే కాదు, పిల్లికిని వచ్చును. పిల్లి కాటు, గీటు వలనను మనుష్యునకు సోకును. పిల్లికి ఏటేట టీకా వేయించవలెను. మనుష్యుని కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపో సున్నమో అద్దుకొని కూర్చుండుట ప్రాణముతో చెలగాటము.

పిల్లివలన అడవికి కలుగు కీడును తలపవలెను. తూర్పు కనుమలలో అడవిపిల్లియు, తుప్పురంగు మచ్చల పిల్లియు కలవు. ఈ రెండవది పిల్లి జాతులన్నిటిలోను మిక్కిలి చిన్నవానిలో నొకటి. పెద్దదైనను ఒకటిన్నర కిలోల దాపుననే యుండును. పెంపుడు పిల్లుల రోగములు వీనికి సోకగలవు. స్కాట్లండులో పెంపుడు పిల్లులతో కలసి కలసి అచ్చటి అడవిపిల్లి జాతియే రూపుమాసిపోవు స్థితికి వచ్చినది. మన కొండలలోనే నేలపై రాకు రాత్రివేళ తిరుగు జయపురపు బల్లి యొకటి కలదు. బెడ్డోమ్ అను నాతడు దానిని వర్ణించెను. తరువాత నూరేండ్లకు పైగా అది ఎవరి కంటను పడలేదు. తిరిగి కనుగొన్న వార్త 2012లో ప్రకటింపబడినది. ఇట్టివానికి పిల్లిపంజా మితిమీరిన ఆపద. జర్మనీలోని వాల్డార్ఫ్ పట్టణములో నేలపై గూడుకట్టు భరతపక్షి కొరకు 2022లో వసంతమునుండి ఆగస్టు వరకు పిల్లులను ఇంటిలోనే యుంచవలెనని అధికారులు ఆజ్ఞాపించిరి. అంత కఠినము మనకు వలదు; పగలు వదలి, రాత్రి లోపల నుంచిన చాలును.

మెడలో గంట కట్టుదుమా? పక్షి ఎగురగలదేమో గాని, గూటిలోని పిల్లకు గంట వినబడి లాభమేమి? ఇంగ్లండులో జరిపిన పరిశోధన యొకటి 2021లో వెలువడినది: మాంసము ఎక్కువగా నున్న ఆహారము పెట్టినచో పిల్లులు ఇంటికి తెచ్చు వేట నూటికి 36 వంతులు తగ్గినది, దినమునకు కొన్ని నిమిషములు ఆడించినచో 25 వంతులు తగ్గినది.

అలవాటు చేయుట కష్టము కాదు. రాత్రి ఆహారమును ప్రొద్దుగ్రుంకకముందే, ప్రతిదినము ఒకే వేళకు, ఇంటిలోపలనే పెట్టవలెను. దానికొరకు పిల్లి తానే వచ్చును. ఒక మూల బూడిదయో ఇసుకయో పోసిన తట్ట, మరొక మూల నీళ్ళు. మొదటి వారము అరచును. తలుపు తీసితిమా, అరచిన తలుపు తెరువబడునని అది నేర్చుకొనును! శస్త్రచికిత్స చేయించిన పిల్లి తక్కువ తిరుగును.

చూరు తెరచియుండు గడ్డి ఇండ్లలో మూయుటకు తలుపు ఉండియు ఫలము లేదు. అచ్చట పొయ్యి చెంత ఒక గోనెగుడ్డ పరచి, సాయంకాలపు తిండి అక్కడనే పెట్టుడు. చలిరాత్రులలో వెచ్చని బూడిద చెంతనుండి అది దూరముగా పోదు.