పాకం కుదిరితేనే పండగ!

క్రిస్మస్‌ ముందు వేకువ ప్రార్థనలయ్యాక ఫిలిప్పీన్స్‌లో ‘బిబింకా’ తింటారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకు మీద కాల్చే తీపి రొట్టె అది. మన సీమలో సంక్రాంతికి అరిసె ఎలాగో అలాగన్నమాట!

కర్నూలు, కడప మెట్టపల్లెల్లో ఒకప్పుడు రోజూ తినేది జొన్నరొట్టె, కొర్రబువ్వ, సంగటి. వరి పండేది చెరువుల కింద, కె.సి.కాలువ వెంబడి. మిగతా ఊళ్లలో వరిబువ్వ పండక్కే. అలాంటి బియ్యంతో చేసే అరిసెల పాకం చెడితే ఇంటిల్లిపాదికీ దిగులే! అందుకే పొయ్యి దగ్గర అవ్వ కూర్చోవాల్సిందే.

ఎలా చేయాలంటారా? బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. బెల్లం పాకం చుక్కను చన్నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. వెంటనే దించి నెయ్యి, నువ్వులు వేసి, పిండి కొంచెం కొంచెంగా కలపాలి. ఆకుమీద తట్టి, ఎర్రగా వేయించి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీసేయాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది.

ఆ ఉండ ఎంత మెత్తగా ఉండాలో అవ్వ వేళ్లకు తెలుసు. ఈసారి పాకం పట్టేటప్పుడు పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల వేళ్లకూ తెలియాలి కదా!