విద్యుత్తు ఆగినపుడు సర్వరునకు దొరకు వ్యవధి

గదిలో దీపమారి మరల వెలిగిన నష్టమేమియు లేదు. పెక్కుమంది లెక్కలను దాచి, అడిగినవారికెల్ల అందించు సర్వరను కంప్యూటరు సంగతి వేరు. అది తనకు వచ్చిన సమాచారమునంతయు వెంటనే డిస్కుపై వ్రాయదు. వేగము కొరకు కొంతసేపు రామ్ అను తాత్కాలిక స్మృతిలో నిలుపుకొనును. లినక్స్ వ్యవస్థలో సుమారు 30 సెకనుల వరకు ఇట్లు నిలుచుట సాధారణము. విద్యుత్తు పోయినచో రామ్‌లో నున్నదంతయు పోవును.

ఒక ఖాతానుండి 500 రూపాయలు తీసి మరియొక దానిలో చేర్చుచుండగా సర్వరు ఆగినదనుకొందము. తీసినది వ్రాయబడి, చేర్చినది వ్రాయబడకపోయిన ఆ సొమ్మేమగును? మేలైన డేటాబేసులు చేయబోవు మార్పును ముందుగా చిట్టాలో వ్రాసికొని, లేచిన తరువాత దానినిబట్టి సరిదిద్దుకొనును. కాని డిస్కు “వ్రాసితిని” అని చెప్పియు తన తాత్కాలిక స్మృతిలోనే ఉంచుకొన్నచో ఆ చిట్టాయు దక్కదు.

ఇందుకే యు.పి.ఎస్. అను బ్యాటరీ సాధనము. పని సాగించుటకే ఇది యున్నదని పలువురు తలతురు. చిన్న యు.పి.ఎస్. నిలుచునది కొన్ని నిమిషములే; ఆ వ్యవధి సర్వరు సక్రమముగ ఆగుటకు. కావున రెండింటి నడుమ రెండు తీగలుండవలెను: ఒకటి విద్యుత్తునకు, రెండవది వార్తకు. రెండవది లేనిచో బ్యాటరీ అయిపోవుచున్నదని సర్వరునకు తెలియదు; కీడు కొన్ని నిమిషములు ఆలస్యమగును, అంతే.

సర్వరు ఆగుటకు 4 నిమిషములు పట్టుననియు, బ్యాటరీ 12 నిమిషములు నిలుచుననియు అనుకొందము. 8 నిమిషములు వేచియుండవచ్చునని తోచును. కాని బ్యాటరీ ఏటేట క్షీణించును. ఆ 12 కొన్నాళ్లకు 7 కావచ్చును. 2 నిమిషములు చూచి ఆపుట మొదలిడుట క్షేమకరము.

ఒకే యు.పి.ఎస్.పై పెక్కు సర్వరులున్నచో వార్తా తీగ గలది ప్రధానము. నెట్‌వర్క్ యు.పి.ఎస్. టూల్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో ప్రధాన సర్వరు తక్కినవానికి కబురంపి, అవి విరమించిన పిదపనే తాను ఆగును. కబురు మోయు నెట్‌వర్క్ స్విచ్చి కూడ యు.పి.ఎస్. మీదనే యుండవలెను, దీనిని మరచువారు కలరు.

ఇక నొక చిక్కు. సర్వరులు ఆగుచుండగానే విద్యుత్తు వచ్చినచో? వానికి సరఫరా తెగనేలేదు గనుక, ఆగినవి ఆగియే యుండును. కావున ప్రధాన సర్వరు చివరి ఘట్టమున “నీ సరఫరాను ఒకసారి ఆపి మరల ఇమ్ము” అని యు.పి.ఎస్.ను ఆజ్ఞాపించును. సరఫరా రాగానే లేచునట్లు సర్వరుల బయోస్‌లో ముందే అమర్చియుంచవలెను.

ఈ ఏర్పాటును ముఖ్యమైన పని లేని వేళ, గోడమీది స్విచ్చి ఆపి, గడియారము చేతబట్టి పరీక్షింపవలెను. బ్యాటరీ మార్చినపుడును, క్రొత్త సర్వరును చేర్చినపుడును ఆ నిమిషములను మరల లెక్కింపవలసి యుండును.