లక్ష మంది పట్టే కాలేజీ స్టేడియం

పుప్పాలగూడ: పై చదువులకు అమెరికా వెళ్లిన మన పిల్లలు చూడాలని ముచ్చటపడేవాటిలో అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియంలు కూడా ఉన్నాయి. పేరుకు ఫుట్‌బాలే గాని, బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1927లో తెరిచిన స్టేడియంలో ఇప్పుడు 1,07,601 మంది కూర్చోవచ్చు. ఆడేది మాత్రం విద్యార్థులే!

మనకు దగ్గర్లోని గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో పట్టేది సుమారు 30,000 మంది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడే జరిగింది. బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. ఒకప్పుడు అదే ట్రోఫీని 1956-57, 1957-58లలో వరుసగా గెలిచింది హైదరాబాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాదీ రహీం సాబ్.

మిషిగన్ చూడాలంటే వీసా కావాలి, గచ్చిబౌలికి ఆటో చాలు. మన కాలేజీ జట్ల పోటీలు కూడా అక్కడ పెడితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వెళ్లి చూస్తారు.