పాటల పెట్టెకు ఒక పద్దు

సంసారంలో ప్రతి ఖర్చుకూ ఒక పద్దు ఉండాలంటారు పెద్దలు. బియ్యానికొక పద్దు, పాలకొక పద్దు, పిల్లల చదువుకొక పద్దు. సంగీతానికి మాత్రం చాలా ఇళ్లలో పద్దు ఉండదు. బోనసు వచ్చిన నెలలో ఉత్సాహం వస్తుంది. దుకాణంలో తళతళలాడే పెట్టె ఒకటి ఇంటికి వస్తుంది. నాలుగు నెలలకు ఉత్సాహం పోయి పెట్టె మిగులుతుంది.

మన కాటన్‌పేట, అక్కిపేట, చిక్కపేట ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల బీరువాలలో పాత రికార్డులు ఇంకా ఉన్నాయి. కరుణశ్రీ గారి పద్యాలకు ఘంటసాల గారు గొంతు ఇచ్చిన ‘పుష్పవిలాపం’ ఒక ఇంట్లో ఉంటే, 1974లో వచ్చిన ఆయన భగవద్గీత మరొక ఇంట్లో ఉంటుంది. ఈ మధ్య మనమలు వాటి దుమ్ము దులిపి, మళ్లీ వినాలని సరదా పడుతున్నారు. సంతోషమే. ఉన్న సెట్టును బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా, కొంటే ఏ భాగానికి ఎంత పెట్టాలి అన్నదే ప్రశ్న. సదర్ పత్రప్ప రోడ్డు మనకు నడిచిపోగల దూరంలోనే ఉంది గనుక దుకాణాలకు కరువు లేదు. కావలసింది అంచనా.

హై-ఫై సెట్టు అంటే ఒక్క వస్తువు కాదు, ఒక గొలుసు. రికార్డు గాడిలోని ధ్వనిని ముల్లు పట్టుకుంటుంది. కార్ట్రిడ్జి దానిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు అతి సన్నం, వోల్టులో వెయ్యో వంతులు నాలుగో అయిదో. ఆంప్లిఫయరు దానిని పెంచుతుంది, స్పీకరు తిరిగి ధ్వని చేస్తుంది. చివరి కొక్కెం మన గది. దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఈ గొలుసులో ఏ కొక్కేనికి ఎక్కువ సొమ్ము పెట్టాలన్న విషయమై రెండు వాదాలు ఉన్నాయి. 1970లలో స్కాట్లండుకు చెందిన లిన్ కంపెనీ వారు, గాడి దగ్గర పోయిన ధ్వనిని తరవాతి యంత్రం ఏదీ తిరిగి తేలేదు గనుక మొదటి ఖర్చు టర్న్‌టేబులుకే అన్నారు. అది రికార్డుల కాలానికి తగిన మాట. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీల కాంపాక్టు డిస్కు వచ్చాక పరిస్థితి మారింది. తక్కువ ధర ప్లేయరు కూడా డిస్కులో ఉన్నదానిని దాదాపు ఉన్నట్టే ఇవ్వసాగింది. నేడు చేతి ఫోను కూడా ఆ పని చేస్తుంది. అటు 1980లలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రజ్ఞుడు, ఏ స్పీకరు మోగుతున్నదో కనబడకుండా చేసి శ్రోతలకు వినిపించాడు. పేరూ ధరా తెలియనప్పుడు శ్రోతల అభిప్రాయాలు చాలావరకు కలిశాయి. మంద్రం నుంచి తారం దాకా హెచ్చుతగ్గులు లేకుండా పలికే స్పీకరునే వారు మెచ్చుకున్నారు.

రెండు వాదాలనూ కలిపి చూస్తే సంసారికి పనికివచ్చే సూత్రం ఒకటి దొరుకుతుంది. ధ్వనిలో ఎక్కువ తేడా తెచ్చేవి స్పీకర్లూ గదీ. పెద్ద వాటా వాటికి. రికార్డును కాపాడేది ముల్లు. దాని వాటా చిన్నదైనా మొదట తీసిపెట్టవలసినది.

ముల్లు మాట కొంచెం వివరిస్తాను. కీ ఇచ్చే పాత గ్రామఫోనులో ఉక్కు ముల్లును ప్రతి ప్లేటుకూ మార్చేవారు. ఇప్పటి వజ్రపు ముల్లు కూడా శాశ్వతం కాదు. అయిదు వందల నుంచి వెయ్యి గంటలకు అరుగుతుంది. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్ల గాడి వెడల్పు. దాని ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతులు మూడు ఉంటే, ఎల్పీ ముల్లు మొన ఒక వంతుకు కూడా తక్కువ. ఎల్పీ ముల్లును 78 ప్లేటు మీద పెడితే అది గాడి అడుగున కొట్టుకుంటూ గరగరమంటుంది. లావు ముల్లు ఎల్పీ మీద పెడితే ఎల్పీ పాడైపోతుంది. కనుక రెండు రకాల రికార్డులున్న ఇంట్లో రెండు ముళ్లు ఉండాలి. టర్న్‌టేబులుకు 78 వేగం ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి. కొత్తవాటిలో చాలావాటికి 33, 45 మాత్రమే ఉంటాయి. చౌకగా దొరికే సూటుకేసు ప్లేయర్లలో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జి ఉంటుంది. మంచి కార్ట్రిడ్జి రెండు గ్రాముల బరువుతో నడుస్తే, అది అంతకు రెండింతలకు పైగా మోపుతుంది. స్పీకరు పాడైతే మరొకటి కొనవచ్చును. తాతగారు కొన్న ప్లేటు అరిగిపోతే ఏ బజారులో తెస్తాము?

ఇక ఆంప్లిఫయరు. ఇక్కడే చాలామంది వాట్ల మోజులో పడతారు. వాట్లు రెట్టింపైతే ధ్వని రెట్టింపు కాదు. మూడు డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది, అంటే చెవికి కొంచెమే తేడా. ధ్వని రెట్టింపైనట్టు తోచాలంటే వాట్లు పదింతలు కావాలి. ఒక వాటుకు 86 డెసిబెల్లు పలికే స్పీకరు నలభై వాట్లతో చేసే పని, 89 పలికే స్పీకరు ఇరవై వాట్లతోనే చేస్తుంది. మన పేటలలోని పది పన్నెండడుగుల గదికి ఇరవై, ముప్ఫై వాట్లు ధారాళం. పక్కింటివారి గోడా మన గోడా ఒకటే అయినచోట అంతకు మించి కోరటం పేచీ కోరటమే. పెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు వేసి ఉంటే నమ్మకండి, ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి.

గది సంగతి. స్పీకరును మూలకు నెట్టితే మంద్రం ఉబ్బి గాత్రాన్ని మింగేస్తుంది. మా వీధిలో ఒక పెద్దావిడ మనమడితో అన్న మాట బాగుంది: “ఒరే నాయనా, పాడుతున్నది ఘంటసాలా, గోడా?” స్పీకర్లను గోడకు ఒకటి రెండడుగులు ఎడంగా, చెవి ఎత్తులో, మనమూ అవీ కలిసి త్రికోణం అయ్యేలా పెట్టాలి. ఇందుకు డబ్బు అక్కరలేదు. నున్నటి నేల, ఖాళీ గోడలూ ఉంటే తారస్థాయి గణగణలాడుతుంది. దానికి మందమైన జంపఖానా, బరువైన నూలు తెర చాలు. మన పేట పేరులోనే పత్తి ఉన్నది. దానిని గదిలోకి కూడా తెచ్చుకుందాం! మంద్రపు ఉబ్బుకు మాత్రం పత్తి పనిచేయదు. స్పీకరు జరపటమే దారి.

తీగల మీద వేలు పోయనక్కరలేదు. పదడుగుల దూరానికి మామూలు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చక్కగా సరిపోతుంది. హుమ్మని మోత వస్తుంటే ఖరీదైన తీగ కాదు, టర్న్‌టేబులు ఎర్తు తీగ ఆంప్లిఫయరుకు తగిలించారో లేదో చూడండి. పాత ఇళ్లలో గోడ ప్లగ్గుకు ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. అది సంగీతానికే కాదు, ప్రాణానికీ మంచిది.

ఆఫీసులో బడ్జెట్టు రాసేవాణ్ణి గనుక అలవాటు కొద్దీ ఒక నమూనా వేస్తాను. ఇంట్లో టర్న్‌టేబులు బాగానే ఉండి, చేతిలో 60,000 రూపాయలు ఉన్నాయనుకోండి. స్పీకర్లకు 27,000. ఆంప్లిఫయరుకు 15,000. కార్ట్రిడ్జికీ రెండు ముళ్లకూ 6,000. స్టాండ్లు, తీగలు, ఎర్తు పనికి 5,000. జంపఖానాకూ తెరలకూ 3,000. మిగిలిన 4,000 ముట్టకూడదు. వచ్చే ముల్లుకూ రిపేరుకూ అది నిధి. పిండి కొద్దీ రొట్టె. ముప్ఫై వేలే ఉంటే అన్నీ సగం చేయవద్దు. ముల్లు పద్దును అలాగే ఉంచి, ఈ ఏడు స్పీకర్లు, వచ్చే ఏడు ఆంప్లిఫయరు అనుకోవాలి.

ఏది ముందు మార్చాలో తేల్చుకోవటానికి ఒక ఉపాయం ఉంది. ఒకే పాటను రికార్డు మీదా, ఫోను ద్వారా అదే ఆంప్లిఫయరులోనూ వినండి. రికార్డు మాత్రమే బాగా లేకపోతే లోపం ముల్లులోనో ప్లేటులోనో ఉన్నది. రెండూ బాగా లేకపోతే స్పీకర్ల చోటు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఒక ఆదివారం బంధువుల స్పీకర్లు తెచ్చి తగిలించి వినండి. ఆ తరవాతే దుకాణానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాటనే పట్టుకువెళ్లండి. దుకాణంవారు వేసే పాటలో అన్ని పెట్టెలూ బాగానే పలుకుతాయి.

ఇంట్లో పెద్దవారిని కూడా వెంట తీసుకువెళ్లటం మంచిది. వయసు పైబడినకొద్దీ చెవికి తారస్థాయి తగ్గుతుంది. వారికి కావలసింది గాత్రంలో అక్షరం స్పష్టంగా వినబడటం. పద్యంలోని ప్రతి మాటా వారికి తెలిసేలా పలికే స్పీకరు ఏదో, అది ధర తక్కువదైనా సరే, ఆ ఇంటికి అదే తగినది.